కదలమన్నవాడి కుర్చీ

ఆఫీసు గుమ్మం పక్కనున్న నల్లబోర్డు మీద రోజుకో మహానుభావుడి మాట రాయడం హెడ్ క్లర్కు పని. ఎవరూ అప్పజెప్పింది కాదు, దస్తూరి బాగుంటుందని ఆయనే నెత్తినేసుకున్నాడు. జీవితం, ప్రేమ, మార్పు, ఏదైనా సరే, ఇంట్లో క్యాలెండరు కాగితం చించి జేబులో పెట్టుకొస్తే సరిపోయేది. ఆ రోజు మాత్రం కాగితం నిండా మనవరాలు ఏనుగును గీసింది. దాని పొట్ట కింద మహానుభావుడు కనబడకుండా పోయాడు.

"ఏదో ఒకటి మీరే రాసెయ్యండి. ఇన్నేళ్లుగా రాస్తున్నారు, ఆమాత్రం అబ్బలేదా?" అంది భార్య.

అబ్బిందనే అనుకున్నాడాయన. అదే కొంప ముంచింది. బోర్డు ముందు నిలబడి, సుద్దముక్కతో గడ్డం గోక్కుని, 'కూర్చున్న కుర్చీని ప్రేమించేవాడు జీవితాన్ని ప్రేమించలేడు. మారినవాడే మనిషి' అని రాశాడు. తన పేరు పెడితే ఎవరూ తలెత్తి కూడా చూడరని తెలుసు కనుక, కింద 'ఒక పాశ్చాత్య తత్వవేత్త' అని చేర్చాడు. తర్వాత వెళ్లి తన కుర్చీలో హాయిగా చేరగిలబడ్డాడు.

ఆ కుర్చీ సంగతి కాస్త చెప్పుకోవాలి. కిటికీ పక్కన, ఇనప బీరువా చాటున ఉంటుంది. గాలి వస్తుంది, మేనేజరు చూపు రాదు. భోజనం తర్వాత అక్కడ తీసే కునుకు కోసమే ఆయన ఇంకా ఉద్యోగం చేస్తున్నాడంటే అబద్ధం కాదు.

మేనేజరు వస్తూనే బోర్డు ముందు ఆగిపోయాడు.

"ఎంత మాటన్నాడండీ! మన ఆఫీసు ఎందుకిలా నిద్రపోతోందా అని నేను తల బద్దలు కొట్టుకుంటున్నా."

"నిద్రా? ఎవరండీ?" అన్నాడు హెడ్ క్లర్కు, గతుక్కుమని.

"అందరూ కుర్చీలు మారండి. ఇప్పుడే!"

ఇక చూడాలి. బల్లలు కీచుమన్నాయి, ఫైళ్లు నేల మీద పరుచుకున్నాయి, క్యాషియరు తాళాల గుత్తి ఎక్కడో పోయింది. అంతా సద్దుమణిగేసరికి కిటికీ పక్క చోటు టైపిస్టుకు దక్కింది. హెడ్ క్లర్కుకు బాత్రూము ఎదుటి బల్ల మిగిలింది. ఎవరు తలుపు తీసినా అది ఆయన మోకాలికి తగులుతోంది. నాలుగు దెబ్బలు తిన్నాక ఆయన మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"సార్, ఆ మాట ఏ తత్వవేత్తా అనలేదు. నేనే కల్పించాను."

మేనేజరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఊరుకోండి. సెలవు చీటీ రాయడానికే నలుగురిని అడుగుతారు మీరు. పెద్దల మాటను సొంతం చేసుకోవడం తప్పు కదండీ?"

నిజం చెప్పి దొంగన్న పేరు మూటగట్టుకున్నాడు పాపం.

ఇంటికెళ్లి గోడు వెళ్లబోసుకుంటే భార్య పడీ పడీ నవ్వింది. "ఆ ముక్క మీదేనని నేనైతే ఇట్టే పట్టేదాన్ని. కదలనివాడికే కదలమని చెప్పడం సరదా!"

ఆ మాట తనకు తగిలినట్టు ఆయనకు తోచనే లేదు. మేనేజరుకు తగులుతుందని తోచింది. అందరినీ కదిపిన మనిషి తాను మాత్రం గదిలోంచి కదల్లేదుగా! మర్నాడు పొద్దున్నే భార్య అన్న ఆ చివరి మాటను బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో రాసి, కింద 'ఒక ప్రాచీన విదుషి' అని పెట్టాడు.

మేనేజరు చదివాడు. ముఖం ఎర్రబడింది. "నన్నేనండీ ఈ తల్లి అన్నది! నిన్న నేను చేసింది తప్పు."

హెడ్ క్లర్కు మనసు అప్పుడే వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. ఇంతలో మేనేజరు తన కుర్చీని తానే మోసుకుంటూ గదిలోంచి బయటికొచ్చాడు. చుట్టూ చూశాడు. బాత్రూము ఎదుటి బల్లకు అవతలి వైపు తప్ప మరెక్కడా చోటు లేదు.

"ఇకనుంచి మీ ఎదురుగానే కూర్చుంటానండీ. మీ దగ్గరుంటే నాకూ నాలుగు మంచి మాటలు అబ్బుతాయి."

మధ్యాహ్నం బీరువా చాటునుంచి టైపిస్టు సన్నటి గురక వినిపించింది. హెడ్ క్లర్కు కళ్లు పెద్దవి చేసుకుని ఫైలు తిరగేశాడు.

మర్నాటి నుంచి బోర్డు మీద తేదీ ఒక్కటే ఉంటోంది.