ఖాళీగా ఉంచదగిన ఇల్లు

ఢిల్లీ చుట్టుపక్కల మనిషికి ఇల్లు దొరకడం కష్టమన్నది పాత రోజుల సంగతి. ఇప్పుడు ఇంటికి మనిషి దొరకడం కష్టం. ఆ మనిషి దొరక్కుండా చూడడానికి ఇంతమంది పెద్దలు పైసా జీతం తీసుకోకుండా పాటుపడే నాగరికత ప్రపంచంలో మరొకటి లేదు.

ఈ సత్యం దయావతికి అరవై ఒకటో ఏట తెలిసింది. ఆమెది నరసాపురం. ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. ఆ ముప్ఫై నాలుగేళ్ళలో పదకొండు అద్దె ఇళ్ళు మారింది. ఒకాయన ఎండు మెత్తళ్ళ వాసనకు ఖాళీ చేయించాడు. ఒకావిడ నైట్ డ్యూటీలకు చేయించింది. ఇంకొకాయన నిజాయితీపరుడు, కారణమేమీ చెప్పకుండానే చేయించాడు. చివరికి ఫరీదాబాద్‌లో రెండు గదుల ఫ్లాటు సొంతానికి కొనుక్కున్నాక గానీ ఆమె గోడకు మేకు కొట్టలేదు.

రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో, అదే ఊళ్ళో ఒక గేటున్న కాలనీలో రెండో అంతస్తు ఇల్లు బ్యాంకు వేలంలో పాడుకుంది. తొమ్మిదేళ్ళుగా మూసి ఉన్న ఇల్లు. గోడలు చెమ్మతో ఉబ్బాయి, కిటికీలు లేవు, వంటింట్లో పావురాలు మూడు తరాలుగా కాపురముంటున్నాయి.

"దీన్ని బాగుచేసి అద్దెకిద్దాం అండీ," అంది భర్త అంద్రెయతో. "వచ్చినవాళ్ళని నేను ఒక్క ప్రశ్న కూడా అడగను."

అంద్రెయ ఆసుపత్రి మందుల కొట్టులో పనిచేసి రిటైరైన మనిషి. చీటీ చూడనిదే ఏదీ నమ్మడు. "నువ్వు అడగవు. కాలనీ వాళ్ళో?" అన్నాడు.

కాలనీకి నివాసుల సంక్షేమ సంఘం ఉంది. (నివాసులు ఎవరో నిర్ణయించేది సంఘమే కనుక సంక్షేమం తేలిక.) దాని అధ్యక్షుడు త్రిలోక్‌చంద్, రిటైర్డ్ ఇంజనీరు. అందరూ ప్రధాన్‌జీ అంటారు. ఆయన దయావతిని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, టీతోపాటు నలభై పేజీల నిబంధనల పుస్తకం ఇచ్చాడు.

మరమ్మతు మొదలైంది. శబ్ద ఉపసంఘం సుత్తిని పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట దాకా అనుమతించింది. అది కూలీలు అన్నం తినే వేళ కావడం కేవలం యాదృచ్ఛికం. జీవకారుణ్య ఉపసంఘం పావురాలకు నెల రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలంది. నోటీసు హిందీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి బాల్కనీకి అంటించారు. పావురాలు రెండింటి మీదా తమ అభిప్రాయం తెలియజేశాయి. ఇక గోడల చెమ్మ. పైఅంతస్తు యజమాని తన బాత్రూములో నీళ్ళు వాడుతున్న మాట ఒప్పుకున్నాడు గానీ, అవి కిందికి దిగుతున్నట్టు తనకెలాంటి సమాచారం లేదని సంతకం చేసి ఇచ్చాడు. దయావతి ఆయన బాత్రూము కూడా తన ఖర్చుతోనే బాగుచేయించింది. అందుకు ఆయన అభ్యంతరం చెప్పలేదు. టైల్సు రంగు మాత్రం ఆయనే ఎంచుకున్నాడు.

ఏడు నెలలకు ఇల్లు తయారైంది. ప్రధాన్‌జీ స్వయంగా వచ్చి కుళాయిలు తిప్పి, తలుపులు వేసి తీసి, 'నివాసయోగ్యం' అని కాగితమిచ్చాడు.

అద్దెకు ఎవరినీ వెతకాల్సిన పని లేకపోయింది. చర్చిలో పరిచయమైన కెరెన్ ఉంది. పాలకొల్లు పిల్ల, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. భర్త యేసుకుమార్ ల్యాబు టెక్నీషియను. అయిదు నెలల పాప. ముగ్గురూ నేలమాళిగలో ఒక గదిలో ఉంటున్నారు. పాపకు దగ్గు తగ్గడం లేదు. పైగా నెలాఖరుకి ఆ గది కూడా ఖాళీ చేయమన్నారు.

అయితే కిరాయిదారుల అర్హతా మండలి ముందు హాజరు కావాలి. ఆదివారం, చర్చి అయ్యాక, పాపను చంకనేసుకుని కెరెన్ వెళ్ళింది. పక్కన దయావతి కూర్చుంది. ఎదురుగా ప్రధాన్‌జీ, సెక్రటరీ, ఒక పళ్ళెంలో సమోసాలు.

"డ్యూటీ ఎన్నింటికి బేటీ?"

"నైట్ ఉంటే ఎనిమిదికి వెళ్తాను అంకుల్."

"రాత్రి పది దాటాక కిరాయికున్న ఆడవాళ్ళు గేటు లోపలికి రాకూడదు. రూలు."

"రాను అంకుల్. తెల్లారి తొమ్మిదికొస్తాను."

పది దాటాక వచ్చే ఆడవాళ్ళ గురించి రూలుంది గానీ, పది దాటినా రాని ఆడవాళ్ళ గురించి లేదు. సెక్రటరీ పుస్తకం అటూ ఇటూ తిప్పి, చివరికి స్కేలుతో కొత్త గడి ఒకటి గీసి, 'రాత్రంతా బయట' అని రాసి టిక్కు పెట్టాడు.

"ఇంట్లో ఏం వండుతారు?"

పప్పు అని చెప్పమ్మా అని దయావతి ముందురోజే చెప్పింది. కానీ కెరెన్ పొద్దున్నే సండే స్కూల్లో పిల్లలకు అబద్ధమాడకూడదని పాఠం చెప్పి వచ్చింది. మూడు గంటల్లోనే అది మరిచిపోవడం ఆమెకు చేతకాలేదు.

"ఆదివారం చేపలు అంకుల్. మిగతా రోజులు డ్యూటీని బట్టి."

ఇలాంటి కుర్చీల్లో దయావతి పదకొండుసార్లు కూర్చుంది. ఇప్పుడు ఇల్లు తనది, కుర్చీ మాత్రం మారలేదు.

మూడో రోజున ఉత్తరం వచ్చింది. 'ఇల్లు అర్హమైనది. మనుషులు అర్హులు కారు. తగిన మనుషులు దొరికేవరకు సదరు ఇంటిని ఖాళీగా ఉంచుకొనుటకు సంఘానికి ఎట్టి అభ్యంతరమూ లేదు.'

దయావతి ఉత్తరం పట్టుకుని ప్రధాన్‌జీ దగ్గరికి వెళ్ళింది. "భాయ్‌సాబ్, ఆ ఇంట్లో ఓనరే చేపలు వండితే?"

"అరే మేడమ్‌జీ! ఓనరు సంగతి వేరు. అడగడానికి మేమెవరం?"

"ఓనరు అర్ధరాత్రి ఇంటికొస్తే?"

"గార్డు సెల్యూట్ కొడతాడు."

"అచ్ఛా," అంది దయావతి. నవ్వుతూ టీ తాగి, ఇంటికొచ్చి, "ఏవండీ, సామాన్లు సర్దండి. ఆ ఇంట్లోకి మనమే వెళ్తున్నాం," అంది.

అంద్రెయ అట్టపెట్టెల కోసం వెతుకుతూనే గొణిగాడు. "పెట్టుబడి అని కొన్న ఇంట్లో మనమే ఉంటే దాన్ని పెట్టుబడి అనరు దయా, కాపురం అంటారు."

శనివారం వాళ్ళిద్దరూ కాలనీకి మారారు. అదే రోజు కెరెన్ వాళ్ళు రెండు గదుల పాత ఫ్లాటులో దిగారు. దయావతి అన్న మాట తప్పింది. ఒక ప్రశ్న అడిగింది.

"పాపకి ఉయ్యాల ఎక్కడ కడతావే? లోపలి గదిలో కొక్కెం ఉంది, చూసుకున్నావా?"

కెరెన్ ఏదో అనబోయి ఏడ్చేసింది. యేసుకుమార్ ఫ్యాను బాగా తిరుగుతోందని రెండుసార్లు చెప్పాడు.

కొత్తింట్లో మొదటి ఆదివారం దయావతి వంకాయ, ఎండు మెత్తళ్ళు కలిపి వండింది. కిటికీలన్నీ తెరిచింది. పదకొండు అద్దె ఇళ్ళలోనూ ఆమె ఈ కూర తలుపులేసి, గుమ్మం కింద తడిగుడ్డ పెట్టి వండుకుంది. వాసన పార్కు దాకా వెళ్ళింది. వాసనల ఉపసంఘం ముక్కుకు రుమాలు పెట్టుకుని వచ్చి, మూలస్థానం ఓనరు వంటిల్లని నిర్ధారించుకుని, దాన్ని వాసనల జాబితాలోంచి తొలగించింది.

ఆమె నర్సు అని కాలనీకి తెలియడానికి పది రోజులు పట్టింది. ముందు పైఅంతస్తాయన బీపీ చూపించుకోడానికి దిగి వచ్చాడు (మెట్ల మీదుగా దిగే సంగతి ఈసారి ఆయనకు సమాచారముంది). తర్వాత సెక్రటరీ భార్య షుగరు. తర్వాత ఒకరి కట్టు, ఒకరి ఇంజెక్షను. పొద్దున ఏడింటికల్లా గుమ్మం ముందు చెప్పులు బారులు తీరేవి. దయావతి ఎవర్నీ కాదనలేదు. ఏం వండుకు తిన్నారని మాత్రం అందర్నీ అడిగేది. షుగరు చూసేటప్పుడు అడగాలి కదా.

ఇంతలో ప్రధాన్‌జీ తల్లి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయి ఇంటికొచ్చింది గానీ రాత్రిళ్ళు మనిషి కావాలి. ప్రధాన్‌జీ పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిబంధనల పుస్తకం చేతిలో లేకుండా ఆయన్ని చూడడం దయావతికి అదే మొదటిసారి. జాలేసింది.

"మంచి నర్సు ఎవరైనా ఉన్నారా మేడమ్‌జీ? రాత్రిళ్ళకి?"

"ఉంది. మీరూ చూశారు."

"ఎవరు?"

"రాత్రంతా బయట ఉండే అమ్మాయి."

కెరెన్ పనిచేసే ఆసుపత్రి ఇళ్ళకు కూడా నర్సులను పంపుతుంది. ఆమె వచ్చింది. నలభై రోజులు వచ్చింది. ముసలావిడను తిప్పి పడుకోబెట్టింది, ఒళ్ళు తుడిచింది, మొదట మంచం దాకా, తర్వాత గుమ్మం దాకా నడిపించింది. నలభై ఒకటో రోజున ముసలావిడ కర్ర పట్టుకుని బాల్కనీలోకొచ్చి, కెరెన్ చెయ్యి వదలకుండా కొడుకుతో అంది.

"ఈ పిల్లకి ఇక్కడే ఇల్లు చూడు బేటా. మన కింది అంతస్తు ఖాళీగానే ఉందిగా."

తల్లి మాట ప్రధాన్‌జీ జవదాటడు. ఆ ఆదివారమే సర్వసభ్య సమావేశం పెట్టించాడు. కెరెన్ చేసిన సేవ గురించి ఆయన మాట్లాడుతుంటే గొంతు వణికింది. నటన కాదు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు గంటలు చర్చించి, కాలనీ చరిత్రలోనే అతి ఉదారమైన సవరణను ఏకగ్రీవంగా ఆమోదించారు: 'ఇకమీదట నర్సులు ఏ వేళనైనా గేటు లోపలికి రావచ్చును. సేవ చేయవచ్చును. నివాసముండరాదు.'

తీర్మానం మీద ఓనర్లందరూ సంతకం పెట్టాలి. సమావేశం వేళ చర్చిలో ఉన్న దయావతి దగ్గరికీ కాగితం వచ్చింది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చదివింది. 'వ్యతిరేకిస్తున్నాను' అని రాసి సంతకం చేసింది. పేరు పక్కన 'ఓనరు' అని రాసి, బ్రాకెట్లో 'నర్సు' అని చేర్చింది.

ఏకగ్రీవమని ముందే టైపయింది కాబట్టి సెక్రటరీ ఆమె రాసిన మొదటి మాట కొట్టేశాడు. కొత్త రూలుతో ఓనర్లకు ఇబ్బంది రాకూడదని బ్రాకెట్టు కూడా కొట్టేశాడు.