కళ్లజోడులో వచ్చిన తుఫాను

పదింటికల్లా ఊరిపెద్ద లియావ్ జిన్‌ఫాకి తుఫాను చూపించి, పదకొండుకి మాక్ డ్రిల్లుకి ఒప్పించి, పన్నెండుకి చేపబంతుల పులుసు తాగి తైపే రైలెక్కాలన్నది పెయ్‌షాన్ పథకం. ఆమె వాతావరణ పరిశోధకురాలు. కంప్యూటరు లెక్కగట్టిన పెనుతుఫానును మూడేళ్లు కష్టపడి ఆ ఊరి చేపల రేవు మీదికే రప్పించింది. తను తెచ్చిన వీఆర్ కళ్లజోడు తగిలించుకుంటే చాలు, మనిషి ఆ గాలివాన నడుమ నిలబడతాడు. అది చూశాకైనా ఈ ఊరివాళ్లు హెచ్చరిక రాగానే కొండమీది బడికి కదలాలని ఆమె పట్టుదల. కిందటేడు డ్రిల్లుకి వచ్చింది పదకొండు మంది. వాళ్లలో నలుగురు టీ అమ్ముకోవడానికి వచ్చారు.

"నాకు తుఫాన్లు చూపిస్తావా అమ్మాయ్? నన్ను చూసి అవే పక్కకి తప్పుకుంటాయి," అన్నాడు జిన్‌ఫా. అప్పుడే చెత్తబండి ఆలస్యమవుతుందని మైకులో చాటి, మైకు ఆపడం మరిచి కూర్చున్నాడు.

పెయ్‌షాన్ ఆయనకి కళ్లజోడు బిగించింది. మొదటి నిమిషం ఆయన నవ్వాడు. రెండో నిమిషంలో తన రేవు, తన పడవ, దాని వెనక మూడంతస్తుల కెరటం కనిపించాయి.

"ఓరి నాయనో! పడవ పోయింది! మాజు అమ్మవారి గుడిమెట్ల దాకా నీళ్లొచ్చేశాయ్! పైకి పరుగెత్తండ్రోయ్!"

ఊళ్లోని లౌడ్‌స్పీకర్లన్నీ ఆ కేక అందుకున్నాయి. బయట ఎండ చుర్రుమంటోంది, సముద్రం పళ్లెంలో పాలలా ఉంది. అయితేనేం, జిన్‌ఫా గొంతులో భయం ఆ ఊరు ఎన్నడూ వినలేదు. ఏ ఉప్పెనో అనుకుని, వలలు వదిలేసి జనం కొండకేసి పరుగు తీశారు.

పెయ్‌షాన్ మైకు లాక్కుంది. "ఏమీ లేదండీ! అంతా కళ్లజోడులోనే! పెద్దాయన క్షేమం!"

కొత్త ఆడగొంతు వినగానే ఎండుచేపల వీధి గొల్లుమంది. "క్షేమమైతే ఆయనే మాట్లాడడా? జిన్‌ఫాని సముద్రం తీసుకుపోయిందర్రా!" ఆయన భార్య మెయ్‌చు కూరల సంచితో సహా ఏడుస్తూ కొండెక్కింది.

జిన్‌ఫా కళ్లజోడు పీకేసి, "ఆగండ్రా!" అని అరుస్తూ వాళ్ల వెనక పడ్డాడు. ఆయనంతటివాడు పరుగెడుతున్నాడంటే అల ఆయన మడమల దగ్గరే ఉండాలని, వాళ్లు మరింత వేగం పెంచారు.

బడి ముంగిట్లో మెయ్‌చు మొగుణ్ని సంచితో రెండు బాదింది. "పోయావని నేనేడుస్తుంటే, నువ్వు కళ్లజోడు పెట్టుకుని ఆటలాడుతున్నావా?"

క్షమాపణ చెప్పడానికి కళ్లజోళ్ల పెట్టెతో రొప్పుతూ వచ్చిన పెయ్‌షాన్ చుట్టూ చూసింది. నాలుగు వందల మంది, పంతొమ్మిది నిమిషాల్లో. పైగా పారిపోవడానికి ఒక్కరిలోనూ ఊపిరి లేదు. క్షమాపణ మింగేసింది.

"అందరూ వరసలో నిలబడండి. కళ్లజోడులో తుఫాను చూసినవాళ్లే కిందికి దిగాలి!"

రైలు పోయింది, పులుసు పోయింది. సాయంత్రానికి ఊరంతా చూసింది. ఆఖర్న మెయ్‌చు కళ్లజోడు తీసి, "ఇకమీదట రమ్మన్న క్షణంలో వస్తాం తల్లీ," అంది.

సెప్టెంబరులో నిజం తుఫానే బయల్దేరింది. హెచ్చరిక వచ్చిన అరగంటకి ఊరు ఊరంతా బడిలో ఉంది. మెయ్‌చు తలలు లెక్కపెట్టి, "అలల కొలతలకని వచ్చిన ఆ తైపే పిల్లేదీ?" అంది.

జిన్‌ఫా వానలో రేవుకి పరుగెత్తాడు. పెయ్‌షాన్ ఒక చేత్తో కొలకర్ర, ఇంకో చేత్తో లైటు స్తంభం పట్టుకుని వేలాడుతోంది.

"ఇంకొక్క కెరటం బాబాయ్! నా లెక్క సరిపోయేలా ఉంది!"

"సరిపోతే నువ్వు మిగలవు, నడు!" అని రెక్కపట్టి ఈడ్చుకొచ్చాడు.

ఆ ఏటి నివేదికలో 'బలవంతంగా తరలించినవారు' అన్న గడిలో ఒకే పేరుంది. నివేదిక రాసింది కూడా ఆ పేరుగల మనిషే.