గోదా గుమ్మంలో సంతకం

వంతెన కొట్టుకుపోయిన వరద తరువాత రెండో ఏడు అది. ఆ ఆదివారం పొద్దున కుస్తీ నేర్పే వస్తాదు అనుకున్నది ఒక్కటే. మధ్యాహ్నంలోగా పేటవాళ్ళ పోటీలు ముగించాలి, ఎవరి ఎముకా విరగకూడదు. కిందటేడు ఒకడికి భుజం జారితే, వాడి మామగారు పూచీ అంతా వస్తాదుదేనని అర్జీ పెట్టాడు. ఇంకొక్క అర్జీ వస్తే గోదా షెడ్డుకు తాళం వేస్తామని మున్సిపల్ ఆఫీసువాళ్ళు రాసి పంపారు. నలభై ఏళ్ళ గోదా.

వస్తాదు అల్లుడు వకీలు. దెబ్బ తగిలితే ఎవరి పూచీ వారిదేనని కాగితం రాసి, నకళ్ళ కట్ట చేతికిచ్చాడు. "సంతకం పెట్టనివాణ్ణి లోపల అడుగు పెట్టనివ్వకండి మామయ్యా" అని చెప్పి ఊరెళ్ళాడు.

వస్తాదుకు మాటంటే మాటే. మొదటి సంతకం తనే పెట్టి, గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. మన్ను తవ్వేవాడు, నీళ్ళు చల్లేవాడు, టీ తెచ్చినవాడు, మైకువాడు, కట్లు కట్టడానికి వచ్చిన డాక్టరు, అందరిచేతా సంతకం పెట్టించాడు. కాగితంలో బరువుకు ఒక గడి ఉంటే అదీ నింపించాడు. తాళం పట్టుకుని తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరునూ వదల్లేదు. ఆయన ఆఫీసులో అలవాటు కొద్దీ చదవకుండానే సంతకం చేసి లోపలికి వచ్చాడు.

జతలు కట్టేది వస్తాదు బావమరిది. సంతకం చేసిన ప్రతివాడూ కుస్తీకి దిగేవాడే అనుకున్నాడు. బరువులు చూసి జతలు కట్టి జాబితా మైకువాడికిచ్చాడు. టీ తెచ్చినవాడి ఎదుట తన పేరే ఉందని మైకువాడు అందరికీ వినబడేలా చదివాకగానీ గ్రహించలేదు. డాక్టరును మన్ను తవ్వేవాడు రెండు నిమిషాల్లో పడేశాడు. డాక్టరు తన మణికట్టుకు తనే కట్టు కట్టుకున్నాడు.

ఆఖరి జత వస్తాదు, ఇన్‌స్పెక్టరు. వస్తాదు చూసిన చూపుకు బావమరిది కుర్చీతో సహా వెనక్కు జరిగాడు. గట్టిగా చేయి వేస్తే ఇన్‌స్పెక్టరుకు దెబ్బ, దెబ్బకు అర్జీ, అర్జీకి తాళం. ఆపేద్దామంటే జనం ఈలలు. ఇన్‌స్పెక్టరు చొక్కా విప్పి, మడిచి, తాళం మీద పెట్టాడు. చదువుకునే రోజుల్లో తనూ కుస్తీ పట్టానన్నాడు.

అర నిమిషంలో వస్తాదు వెల్లకిలా పడ్డాడు. ఆ వీపుకు మన్ను అంటడం పేటలో అంతవరకూ ఎవరూ చూడలేదు. లేవబోయి, చీలమండ పట్టుకుని కూలబడ్డాడు. చప్పట్లు ఆగిపోయాయి. ఇన్‌స్పెక్టరు ముఖం పాలిపోయింది.

"పెద్దాయనా, నా మీద అర్జీ పెడతారా?"

"ఎట్లా పెడతానయ్యా, సంతకం చేశాను కదా."

"ఆ కాగితం చెల్లుతుందంటారా?"

"చెల్లదని మీరు రాస్తే చెల్లదు."

ఇన్‌స్పెక్టరు అక్కడే మన్నులో కూర్చున్నాడు. ఏర్పాట్లన్నీ సక్రమంగా ఉన్నాయనీ, సంతకాల కాగితాలు చెల్లుతాయనీ, గోదా తెరిచే ఉంచవచ్చనీ రాశాడు. ఈసారి రెండుమార్లు చదివి మరీ సంతకం పెట్టాడు. జనం ఇద్దరినీ భుజాలకెత్తుకుని పేటంతా తిప్పారు. తెచ్చిన తాళం సంగతి ఆయనకు గుర్తే రాలేదు.

మర్నాడు తెల్లవారుతూనే, కాలికి కాపడం పెడదామని వస్తాదు భార్య వేడినీళ్ళు పట్టుకుని, రాత్రి ఆయన పడుకున్న గోదాకు వెళ్ళింది. ఆయన గుంజీలు తీస్తున్నాడు. ఆమె కాసేపు నిలబడి చూసి, కాలెలా ఉందని అడిగింది.

"నూట పది" అన్నాడు వస్తాదు, ఆపకుండా.