చెనిక్కాయల పొడికి వందకు నాలుగు

"ఈ డోన్‌లో నేరస్థుడనేవాడు కునుకు తీయాలంటే ముందు నా మెదడు నిద్రపోవాల. అది నిద్రపోదు" అని ఉమామహేశ్ ప్రకటించాడు. ఆ సమయంలో వాడి జెరాక్స్ మిషన్‌లో కాగితం ఇరుక్కుని ఉంది. లాగుతున్నది నేను. వాడు డిటెక్టివ్. అంగడి ముందు ఆ మాట రాసిన బోర్డు వాడే జెరాక్స్ తీసి వాడే అంటించుకున్నాడు. నేను మన్సూర్‌ని, వాడి స్నేహితుణ్ణి. కేసు ఎవరిదైనా తిట్లు నావి.

ఈసారి కేసు మా ఖాలాది, అంటే మా అమ్మ చెల్లెలు నన్నీ బీది. చెనిక్కాయలు, అదే వేరుశనగలు, వేయించి, కారం వేసి దంచి, ఆ పొడిని ప్యాకెట్లు కట్టి నెహెమ్యా సూపర్ బజారులో పెడుతుంది. ఇల్లు దాని మీదే నడుస్తుంది. పొద్దున ఒక టీచరమ్మ ప్యాకెట్ మీది బార్‌కోడ్ నల్లగీతలకు ఫోన్ చూపించిందట. తిండికి మార్కులేసే యాప్ అట. తెర ఎర్రబడి వందకు నాలుగు వేసింది. ఆమె ప్యాకెట్ వదిలేసి పోయింది, చూసినవాళ్లూ వదిలేశారు. సాయంత్రానికి కారణం తేలకపోతే సరుకంతా వెనక్కి తీసుకుపొమ్మన్నాడు బజారు ఓనరు నెహెమ్యా.

ఉమామహేశ్ నల్లకళ్లద్దాలతో బజారులోకి అడుగుపెట్టాడు. కళ్లు కనపడక మొదట ఫ్రిజ్‌ను విచారించాడు. తర్వాత తన ఫోన్‌తో పొడి ప్యాకెట్ స్కాన్ చేశాడు. మళ్లీ ఎరుపే. సరుకు బొమ్మ లేదు, మార్కుల కింద అంతా ఇంగ్లీషు. అందులో రెండు ముక్కలు కూడబలుక్కుని ఖాలా వైపు తిరిగాడు.

"అమ్మా, ఒప్పుకో. ఆరెంజ్ అని ఉండాది. రంగు కలుపుతాండావు. చక్కెర గూడా శానా ఉండాది."

"నా పొడి తిని కండ్లనీళ్లు పెట్టుకోనోడు లేడప్పా ఈ ఊర్లో. చక్కెర యాడిదీ?" అంది ఖాలా.

ఆ మార్కులు ఎవరేశారని నేనడిగాను. శాటిలైట్ అన్నాడు వాడు. పైనుంచి ప్యాకెట్ లోపలికి చూస్తుందట. నాకు ఒళ్లు మండి యాప్‌లోనే వెతికాను. ఎవరో ఒకరు ప్యాకెట్ వెనక రాసింది ఫొటో తీసి పంపుతారు. మిషన్ చదివి లెక్క కడుతుంది. అంతే. ఒక్కడూ నోట్లో వేసుకోడు. నోట్లో వేసుకోనివాడి మాటకు ఒక ఆడమనిషి పొయ్యి ఆరిపోవాలి.

"అయితే ఈ ప్యాకెట్ ఫొటో పంపిన ద్రోహి ఈడనే ఉండాడు" అన్నాడు ఉమామహేశ్. వేలిముద్రలు వాసన చూస్తానని ప్యాకెట్ విప్పి ముక్కు లోపల పెట్టాడు. పెట్టాక వచ్చిన తుమ్ముకు బిస్కెట్ల ర్యాకు పట్టుకున్నాడు. ర్యాకు వాడితో సహా కిందికొచ్చింది.

ఆ గుట్ట కింద వాడి చేతిలోని ఫోన్ కుయ్‌మంది. తెర ఎర్రబడి ఉంది. వందకు నాలుగు. అది చూస్తున్నది ఒక ఆరెంజ్ క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్‌ను. నేను దాన్ని పొడి ప్యాకెట్ పక్కన పెట్టాను. గీతలు అవే, కింద అంకెలు అవే.

కవర్లు అచ్చువేసిన ప్రెస్సు పుల్లయ్యకు ఫోన్ చేశాం.

"అవును, నేనే ఏసినా" అన్నాడు పుల్లయ్య తాపీగా. "కవరు బోసిగా ఉండె. మా ఇంట్లో బిస్కెట్ ప్యాకెట్ మీద గీతలు బాగుండె, అట్లే దించినా. గీతలుంటేనే కదప్పా కంపెనీ సరుకులా కనపడేది."

తుమ్ము తన పథకంలో భాగమేనని బిస్కెట్ల కింద నుంచి ఉమామహేశ్ తెలియజేశాడు.

నేను ప్యాకెట్లన్నిటి గీతల మీద సిరా పూశాను. అయినా నెహెమ్యా నసిగాడు, మార్కుల్లేకపోతే జనం అడుగుతారట. పొడి పేరు కొట్టి చూస్తే, ఆ సరుకు మా దగ్గర లేదు, వివరాలు మీరే పంపండి అంది యాప్.

"ఎవరైనా పంపొచ్చునా?" అంది ఖాలా. ఎవరైనా పంపొచ్చన్నాను.

"అయితే రుచి యాడ రాయాల?"

వెతికాను. ఉప్పుకు గడి ఉంది, చక్కెరకు ఉంది, కొవ్వుకు ఉంది. రుచికి లేదు.

ఖాలా నా చేతిలోంచి ఫోన్ తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టింది. ఒక ప్యాకెట్ చింపి నెహెమ్యా అరచేతిలో ఇంత పోసింది. అతను నోట్లో వేసుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"సరుకు ఈడనే ఉండనీమ్మా" అని మళ్లీ చేయి చాపాడు.