ఎక్స్, వై, జెడ్ కౌంటర్ మహిమ

అభిమాన సంఘం మహాసభకి జనం హీరోని చూడ్డానికి వెళ్తారని మీరింకా నమ్ముతున్నారా? ఎంత అమాయకులండీ! వెళ్లేది రిజిస్ట్రేషన్ చేయించుకోవడానికి. హీరో అనేవాడు ఆ పక్కనే ఏదో పని మీద వచ్చిపోతుంటాడు, అంతే.

ఈ జ్ఞానం మొన్న ఆదివారం పంజాగుట్టలో ఒక ఫంక్షన్ హాల్ ముందు మహిపాల్‌కి కలిగింది. మహిపాల్‌ది అమీర్‌పేటలో మైత్రివనం వెనక జిరాక్స్ షాపు. జావా నోట్సూ, ఒరాకిల్ నోట్సూ రోజుకి రెండు వేల పేజీలు లాగి సగం ఊరిని సాఫ్ట్‌వేర్ చేసిన మనిషి. అంతకన్నా ముఖ్యం, హీరో యువభైరవ్‌కి ఇరవై రెండేళ్లుగా వీరాభిమాని. బల్కంపేటలో కటౌట్ కడుతూ కిందపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ కట్టు విప్పకముందే ఇంకో కటౌట్ కట్టాడు!

ఈసారి అందరికన్నా సీనియర్ అభిమానికి పదకొండింటికి హీరో తన చేత్తో శాలువా కప్పుతాడని ప్రకటించారు. ఇంకెవరు, మహిపాలే! భార్య సుకన్యని కూడా వెంటబెట్టుకొచ్చాడు. "ఆయనకు నువ్వెవరో ఎరుకేనా?" అని పెళ్లయిన నాటి నుంచి ప్రాణం తీస్తోందిగా మరి. "ఇయ్యాల నీ కండ్లతోని నువ్వే చూడు" అన్నాడు.

పోయినేడాది దాకా రిజిస్ట్రేషన్ ఎలా జరిగేదో చెబితే మీరు సిగ్గుతో చచ్చిపోతారు. మహిపాల్ గేటు దగ్గర పొడుగు నోట్‌బుక్కు పెట్టుకుని కూర్చునేవాడు. "ఏం ఐలన్నా, మోకాలు ఎట్లున్నది? పో, పోయి పంకా కింద కూసో" అంటూ పంపేసేవాడు. ఆరువందల మంది అరగంటలో లోపలికి! ఛీ, అదీ ఒక పద్ధతేనా? రెండువేల నాలుగులో ఉండి, టోకెన్ లేదు, బార్‌కోడ్ లేదు, కనీసం ఒక్కడు ఎండకి కళ్లు తిరిగి పడిపోయిన పాపాన పోలేదు!

ఈ అనాగరికతని రూపుమాపడానికి భార్గవ్ వచ్చాడు. బేగంపేటలో సాఫ్ట్‌వేర్ టీమ్ లీడరు, సంఘానికి కొత్త కార్యదర్శి. పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరాన్ని బట్టి కౌంటర్లన్నాడు. ఏ నుంచి డబ్ల్యూ దాకా అక్షరానికొకటి చొప్పున ఇరవై మూడు పెట్టాడు. తన కంపెనీ స్టాఫ్ లిస్టు తిరగేసి, ఎక్స్, వై, జెడ్‌లతో మొదలయ్యేవాళ్లు నలుగురే ఉన్నారని కనిపెట్టాడు. ఆ మూడింటికీ కలిపి బాత్‌రూముల పక్కన ఒకే ఒక్క కంప్యూటర్ వేశాడు. శాస్త్రీయంగా లేదని ఎవరైనా అనగలరా?

ఒక్క చిన్న సంగతి మాత్రం ఆయన ఎవర్నీ అడగలేదు. ఈ సంఘంలో చేరిన ప్రతివాడూ చేరిన రోజే తన పేరు ముందు హీరో పేరు తగిలించుకుంటాడు. యువభైరవ్ ఐలయ్య, యువభైరవ్ రాఘవయ్య, యువభైరవ్ మహిపాల్! షాపు బోర్డు మీదా అదే, శుభలేఖ మీదా అదే. యువభైరవ్‌కి ఇంగ్లీషులో మొదటి అక్షరం వై. ఆరువందల మందీ వై!

లైను బాత్‌రూముల దగ్గర మొదలై, గేటు దాటి, రోడ్డెక్కి, బస్టాపుని కూడా కలుపుకుంది. దాని వల్ల కలిగిన లాభాలు అన్నీ ఇన్నీనా? ఆ లైన్లో రెండు పెళ్లి సంబంధాలు కుదిరాయి. ఒకాయన ముందు నిలబడ్డ కుర్రాడి దగ్గర సీ లాంగ్వేజి సగం నేర్చేసుకున్నాడు, అదీ డెమో క్లాసు కాదు, ఫుల్ కోర్సు! ఎండలో కార్చిన చెమటకి ఇక జిమ్ములెందుకండీ?

పదీ ముప్పై అయింది. మహిపాల్ ముందు ఇంకా రెండువందల మంది. ఎమ్ కౌంటర్లో మంజూష అనే వాలంటీరమ్మాయి గోళ్లు చూసుకుంటూ కూర్చుంది. సుకన్య ఇక ఆగలేక మొగుణ్ణి చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కుపోయింది.

"బిడ్డా, ఈయన పేరు యువభైరవ్ మహిపాల్, జర ఎక్కియ్యవా?"

"సార్ పేరు వైతో ఉంది ఆంటీ, సిస్టమ్ తీసుకోదు. ఉత్త మహిపాల్ అంటే రెండు నిమిషాల పని."

మహిపాల్‌కి ఒళ్లు మండింది. "ఇరవై రెండేండ్ల సంది ఉన్న పేరు! తీసెయ్యమంటవా?"

"నీ అమ్మానాయిన పెట్టిన పేరు నీకంత చేదా?" అంది సుకన్య.

హీరోని చూడాలంటే హీరోని తీసెయ్యాలి! ఏ భక్తుడికైనా ఇంత పరీక్ష ఉంటుందా? మహిపాల్ గడియారం చూశాడు. "తీసెయ్" అన్నాడు. రెండు నిమిషాల్లో ఛాతీ మీద ఉత్త మహిపాల్ అని బ్యాడ్జి పడింది.

హాలు లోపల ఏం క్రమశిక్షణ, ఏం ప్రశాంతత! ఆరువందల కుర్చీల్లో నలభై మంది. హీరో పేరు తగిలించుకోవాల్సిన అవసరమే లేని పెద్దమనుషులు, వాళ్ల బావమరదులు.

భార్గవ్ కంప్యూటర్ కాగితం చూసి చదివాడు. "సభ్యత్వ సంఖ్య ఒకటి, శ్రీ అచ్యుతరావు గారు!" కంప్యూటర్లు సమకూర్చిన కోచింగ్ సెంటర్ యజమాని. పొద్దున్నే 'ఏ' అక్షరం కౌంటర్ ఖాళీగా ఉంటే నడిచొచ్చి, అందరికన్నా ముందు పేరెక్కించుకున్నాడు. ఒకటో నంబరు వాడి కన్నా సీనియర్ ఎవడుంటాడండీ? హీరో శాలువా కప్పాడు. తన సినిమాల్లో ఏది ఇష్టమని అడిగితే, "అన్నీ బాగుంటాయండీ. మా కొత్త బ్యాచ్ సోమవారం మొదలు" అన్నాడాయన మైకులో.

మహిపాల్ పరుగెత్తాడు. "తమ్మీ, సీనియర్ నేను గదా!"

"ఆ యువభైరవ్ మహిపాల్ అనే పేరు వేరే అండి" అన్నాడు భార్గవ్ మర్యాదగా. "మహిపాల్ గారు జాయినైంది ఇవాళ పదీ నలభైకి."

అంతలో హీరో స్టేజీ దిగి ఇటే వచ్చాడు. జనం లేరు కాబట్టి తోపులాటా లేదు. చెయ్యి చాపితే అందేంత దగ్గర, సరిగ్గా మహిపాల్ ముందు ఆగాడు. మహిపాల్ కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నాడు. హీరో వంగి, అతని ఛాతీ మీది బ్యాడ్జి చదివి, తెర మీద నవ్వినట్టే నవ్వాడు.

"మహిపాల్! కొత్తగా చేరావా తమ్ముడూ?"

మహిపాల్ సుకన్య వైపు చూశాడు. ఆమె నవ్వలేదు. తల దించుకుంది.

"అవును సార్" అన్నాడు. "ఇయ్యాల్నే."

హీరో భుజం తట్టి వెనక గేటు నుంచి కారెక్కాడు. బయట వై లైనువాళ్లు ఇంకా జై కొడుతూనే ఉన్నారు.

అందుచేత అయ్యలారా, కంప్యూటర్‌ని తిట్టకండి. మహిపాల్ ఎవరో దానికి పదీ నలభై దాకా తెలీదు. హీరోకైతే పదకొండున్నర దాకా తెలీదు.