స్వర్గంలో లనుస్ బావ సేద్యం

మా లంతాంగ్ గ్రామాన్ని భూలోక స్వర్గంగా ప్రకటించినందుకు హర్షం వెలిబుచ్చుతూ మా బంజర్ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. బంజర్ అంటే మా బాలిలో వాడసంఘం. మీ భాషలో ఆ మాటకి వేరే అర్థం ఉందట. తొందరపడకండి, అక్కడికీ వస్తాను. ప్రకటించింది దేవుళ్ళు కాదు, విదేశాల్లో అచ్చయ్యే ఒక విహారయాత్రల పత్రిక. దాని అట్టమీద మా మెట్లపొలాలు, పొగమంచు, గట్టుమీద వెదురు టోపీ పెట్టుకుని నిలబడ్డ ఒక రైతు. దేవుళ్ళు చెబితే రుజువు అడిగేవాళ్ళమేమో గాని, రంగుల్లో అచ్చయ్యాక నమ్మక తప్పలేదు. ఆ రోజునుంచి మా ఊరివాళ్ళమంతా స్వర్గస్థులమయ్యాం.

ఫొటోలో ఉన్న రైతు మా సరిని అక్క మొగుడు, నెంగా లనుస్. నాకు బావ. ఆ క్షణాన ఆయన ప్రకృతిలో లీనమై ధ్యానం చేస్తున్నాడని పత్రిక రాసింది. నిజానికి ఎగువన కాల్వకి అడ్డం వేసిందెవడా అని చూస్తున్నాడు. దూరంనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. బంజర్‌కి కార్యదర్శిని నేనే కాబట్టి ఇవన్నీ నాకు అధికారికంగా తెలుసు.

స్వర్గానికి దారి ఇరుకుగా ఉందని ముందు దాన్ని వెడల్పు చేశారు. పొలాల అందం చూడవచ్చినవాళ్ళ బళ్ళు నిలపడానికి చోటు చాలక కొన్ని పొలాలు పూడ్చారు. లోయమీద ఉయ్యాల కట్టారు. ఉయ్యాల ఊగడానికి పొడుగాటి తోకున్న ఎర్రగౌను అద్దెకిస్తారు. అది తొడుక్కున్నవాళ్ళు గాల్లోకి లేచి, కళ్ళు మూసుకుని, ఏకాంతాన్ని అనుభవిస్తారు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు చెమటలు తుడుచుకుంటూ తమ ఏకాంతం వంతు కోసం తోసుకుంటూ ఉంటారు. గుడి ముందు సరస్సు లేదన్న లోటు కూడా ఒక అద్దం ముక్కతో తీరిపోయింది. ఫోను కింద ఆ అద్దం పెట్టి తీస్తే ఫొటోలో సరస్సు వచ్చేస్తుంది. నీళ్ళు లేకుండానే నిండు సరస్సు! తరతరాలుగా కాల్వనీళ్ళు వంతులవారీగా పంచుకుంటున్న మా రైతులకి ఇంత చిన్న ఉపాయం తట్టనే లేదు.

లనుస్ బావ పొలానికి ఎదురుగా శూన్య విల్లాలు వెలిశాయి. మా వైపు శూన్య అంటే ప్రశాంతమని అర్థం. ప్రతి విల్లాకీ ఒక ఈతకొలను. కొలనులో మెడలోతున కూర్చుంటే ఎదురుగా బావ పొలం. తాము అద్దె తీసుకునేది గదికి కాదని, ఆ పొలాన్ని చూసినందుకని మేనేజరు హెర్మావన్ గారు జకార్తానుంచి దిగిన రోజునే నిజాయితీగా చెప్పారు. కొలనులకి నీళ్ళు ఎగువ కాల్వనుంచి తీసుకున్నారు. బావ పొలానికి నీళ్ళొచ్చేదీ ఆ కాల్వనుంచే. మా ఊళ్ళో మరో కాల్వ లేదు.

ఒక కారు పంట పసుపుపచ్చగా పోయింది. తర్వాతి కారుకి మడి నెర్రెలిచ్చింది. మీరు తొందరపడ్డ అర్థం దగ్గరికి వచ్చేశాం.

బావ బంజర్ సమావేశంలో లేచి నిలబడ్డాడు. ఆయనకి ఉపన్యాసం అలవాటు లేదు.

“నా కాల్వ నాకు వదలమనండి. నాకింకేం వద్దు,” అని కూర్చున్నాడు.

వాడపెద్ద గుస్తి అలిత్ గారికి అలవాటుంది. “లనుస్, నువ్వు చాలా చిన్న విషయం మాట్లాడుతున్నావు. నీళ్ళదేముంది, ఎవరికైనా దొరుకుతాయి. కీర్తి దొరుకుతుందా? ఈ ప్రపంచంలో ఎంతమంది రైతులు పత్రికల అట్టమీదికి ఎక్కారు? నీ పొలం ఎండిపోయిందంటున్నావు. ఏదీ, ఫొటోలో ఎండలేదే! ఆ ఫొటో చూసిన కోట్లమంది అబద్ధమాడతారా?”

చప్పట్లు మోగాయి. బావకి జరీ తలగుడ్డ చుట్టి సత్కరించాం. ఆయన దాన్ని చేత్తో తడిమి, “దీన్ని పిండితే నీళ్ళొస్తాయా?” అనడిగాడు. ఆ ప్రశ్న సభామర్యాదకి తగదు కాబట్టి నివేదికలోంచి తొలగించాం.

కొంతకాలానికి శూన్య విల్లాల్లో దిగిన ఒక కొత్తజంట ఫిర్యాదు చేసింది. స్వర్గం ఫొటోలో ఉన్నట్టు లేదని, పచ్చగా ఉండాల్సిన చోట మట్టిరంగులో ఉందని, ఆ మట్టిరంగు మధ్యలో పందులు తిరుగుతున్నాయని వాళ్ళ ఆవేదన. ఫిర్యాదులో అక్షరం అబద్ధం లేదు. వరికి నీళ్ళు కావాలి, పందికి వంటింటి కుడితి చాలునని లెక్కవేసి అక్క మడి నడుమ పాక వేయించింది. పండక్కి పంది కాల్చని ఇల్లు మా ఊళ్ళో ఉండదు గనక బేరాలకి కొదవ లేదు. చిక్కల్లా గాలితోనే. సాయంత్రమయ్యేసరికి అది పాక మీదుగా విల్లాలవైపు వీస్తుంది. సరిగ్గా అప్పుడే అక్కడి జంటలు కొలను అంచున మోచేతులానించి సూర్యాస్తమయం చూస్తుంటారు.

హెర్మావన్ గారూ, గుస్తి అలిత్ గారూ, నేనూ కలిసి బావ ఇంటికి వెళ్ళాం. అక్క కాఫీ గ్లాసులు అరుగుమీద పెట్టి లోపలికి పోయింది.

“మీ పందులమీద మాకే ద్వేషమూ లేదండీ. మా హోటల్లో రోజూ వడ్డిస్తూనే ఉంటాం. అవి బతికుండగా చూడలేకపోతున్నారు మావాళ్ళు, అంతే,” అన్నారు హెర్మావన్ గారు.

“కళ్ళు మూసుకోమనండి. ఉయ్యాలెక్కితే మూసుకుంటున్నారుగా,” అంది అక్క లోపల్నుంచి.

“చూపు సంగతి సరేనమ్మా. వాసన?”

“మీ సెంటువాసనకి మా పందులు తుమ్ముతున్నాయి. అవేమైనా ఫిర్యాదు చేశాయా?”

నాకు నవ్వొచ్చింది గాని హోదా గుర్తొచ్చి కాఫీ తాగాను.

బావ సిగరెట్టు నలిపేసి, “కాల్వ వదలండి. రేపే పాక పీకేస్తా. నారు పోస్తా. మీ పచ్చదనం మీకు ఉత్తపుణ్యానికి వస్తుంది,” అన్నాడు.

హెర్మావన్ గారు నిజంగానే బాధపడ్డారు. “ఎలాగండీ? కాల్వ వదిలితే కొలనులు ఎండిపోతాయి. కొలనులు ఎండితే అతిథులు రారు. వాళ్ళు రాకపోతే మీ వరిని ఎవరు చూస్తారు?”

“వరిని చూడ్డానికి వెయ్యరు బాబూ. తినడానికి వేస్తారు.”

“ఇదిగో, ఇదే మనల్ని వెనక్కి లాగుతోంది,” అన్నారు గుస్తి అలిత్ గారు నావైపు తిరిగి.

హెర్మావన్ గారి ప్రతిపాదన ఉదారమైనది. పొలం బావదే. దాన్ని చూసే హక్కు మాత్రం హోటలుది. మడిలో పచ్చటి ప్లాస్టిక్కు వరి నాటిస్తారు. బావని నెలజీతం మీద రైతుగా నియమిస్తారు. టోపీ, పార హోటలువాళ్ళే ఇస్తారు. అతిథులు పొద్దున ఫలహారం చేసేటప్పుడు, సాయంత్రం సూర్యుడు దిగేటప్పుడు గట్టుమీద కనబడితే చాలు. మిగతా రోజంతా ఆయన ఇష్టం.

“నా పొలంలో నేను రైతు వేషం వెయ్యాలా?” అన్నాడు బావ.

“వేషం అనకూడదు. సంప్రదాయ పరిరక్షణ,” అని గుస్తి అలిత్ గారు దిద్దారు.

బావ ఒప్పుకోలేదు. ఆ నెలలోనే పందులకి జ్వరం సోకింది. ఊరంతా సోకింది గాని బావ పాకలో ఒక్కటీ మిగల్లేదు. అక్క వాటిని గోతిలో వేయించి, ఖాళీ కుడితికుండ పట్టుకుని చాలాసేపు పాక ముందే కూర్చుంది. హెర్మావన్ గారు సంతాపసూచకంగా పూలగుత్తి పంపారు. ఆ వారంలో బావ సంతకం పెట్టాడు.

వరి సురబాయానుంచి లారీల్లో వచ్చింది. గాలికి ఊగే రకం. పిచ్చుకలు వచ్చి, ముక్కులు నొప్పెట్టి, వెళ్ళిపోయాయి. మడి తలాపున మా వరితల్లి శ్రీదేవికి చిన్న గూడుంటుంది. అక్క రోజూ కొబ్బరాకు దొన్నెలో పూలూ అన్నం మెతుకులూ పెట్టి అగరొత్తి వెలిగించడం మానలేదు.

“ప్లాస్టిక్కు వరికి కూడా నైవేద్యం ఏంటక్కా?” అన్నాను.

“వాళ్ళ గడ్డికి కాదురా, నా పొలానికి,” అంది.

బావ ఉద్యోగం బ్రహ్మాండంగా సాగింది. ఆయన పార ఎత్తితే కొలనుల్లోంచి చప్పట్లు. ప్రకృతి ఒడిలో మనిషి ఎంత తృప్తిగా బతుకుతాడో ఆయన్ని చూశాకే తెలిసిందని అతిథులు రాసిపోయేవారు. మొదటిరోజు పని అయ్యాక బావ గాబు దగ్గరికి చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, వాటిని చూసుకుని, అలాగే ఆగిపోయాడు. కడుక్కోవడానికి మట్టి అంటలేదు.

ఆపైన వానలు పడ్డాయి. ఎలాంటి వానలంటే, కొలనులు పొర్లిపోతుంటే హోటలువాళ్ళే కంగారుగా తూము ఎత్తేశారు. ఎత్తినవాళ్ళకి అది పొలాల కాల్వ అని తెలియదు, మురుగుకాల్వ అనుకున్నారు. తెల్లారేసరికి బావ మడి నిండిపోయింది. ప్లాస్టిక్కు దుబ్బులు గట్లు దాటి పల్లంలోకి కొట్టుకుపోతున్నాయి. బావ అరుపు ఊరంతా వినబడింది.

“సరినీ! నీళ్ళే! మన మళ్ళో నీళ్ళు!”

మిగిలిన ప్లాస్టిక్కు పీకి గట్టున పారేశాడు. దిగువూరినుంచి పవర్ టిల్లర్ అరువు తెచ్చి దమ్ము చేశాడు. అక్కడే ఎవరికో మిగిలిపోయిన నారు కట్టలు మోపెడ్ మీద మోసుకొచ్చాడు. అక్క లుంగీ మోకాళ్ళపైకి దోపుకుని నాట్లేసింది. నేనూ దిగాను. నడుం పడిపోయింది గాని, ఆ బురద చల్లగా పిక్కలదాకా పట్టుకుంటే కార్యదర్శి పదవి పూర్తిగా మర్చిపోయాను. బావ మొహంనిండా మట్టి. నారు తొక్కుతున్న బాతుల్ని వాటి ముత్తాతలదాకా తిడుతున్నాడు. అంత సంతోషంగా తిట్టగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు ఫలహారాల వేళకి ఫిర్యాదులు వరస కట్టాయి. యంత్రం మోతకి ప్రశాంతత చెడింది. నీళ్ళు మురిగ్గా ఉన్నాయి. రైతు చిరిగిన సిమెంటు కంపెనీ బనీను తొడుక్కున్నాడు, టోపీ లేదు, నవ్వడంలేదు, బాతుల్ని హింసిస్తున్నాడు. అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఒక పెద్దమనిషిది. ఆయన వ్యవసాయశాఖలో చేసి రిటైరయినవాడట. “ఈ మనిషి రైతులా లేడు,” అని రాశాడు.

బంజర్ విచారణ జరిపింది. బావ తన నేరాలన్నీ ఒప్పుకున్నాడు.

“వరి వేశాను. ఏం చేస్తారో చెయ్యండి.”

ఉద్యోగం పోయింది. ఒప్పందంలో చూపు హోటలుది కాబట్టి కంటికి నచ్చని నారు తీసేసే హక్కూ వాళ్ళదేనని తేలింది. పనివాళ్ళు వచ్చి అంతా పీకేసి కుప్ప పోశారు. వాళ్ళలో సగంమంది రైతుల బిడ్డలే కనక వేళ్ళు తెగకుండా జాగ్రత్తగా పీకారు. అక్క గట్టుమీద నిలబడి చూసింది. కుప్పలోంచి ఒక పరక తీసుకుని, వేళ్ళకున్న మట్టి దులిపి, మళ్ళీ అక్కడే పెట్టింది. బావ చూడలేదు. అటు తిరిగి కూర్చున్నాడు.

కొత్త రైతుని డెన్పసార్ నాటక కంపెనీనుంచి తెచ్చారు. మంచి పొడగరి, పలువరస బాగుంటుంది. పార తిరగేసి పడతాడు గాని కొలనులోంచి చూసేవాళ్ళకి తెలియదు. బయటి మనిషిని ఇంత ఆదరంగా రైతుగా స్వీకరించినందుకు హోటలు మా బంజర్‌ని అభినందించింది.

బావా అక్కా సులవెసి దీవికి వెళ్ళిపోయారు. మా బాబాయి ఒకాయన ఎప్పుడో అక్కడికి పోయి అడవి కొట్టి పొలం చేసుకున్నాడు. వాళ్ళని ఓడరేవుకి తీసుకెళ్ళే బస్సు దగ్గరికి వెళ్ళాను. సామానంతా పైకెక్కించాక బావ నా పక్కన కూర్చున్నాడు.

“అక్కడ బాగుంటుందా బావా?” అన్నాను.

“ఏం బాగుంటుందిరా. దోమలు, దుమ్ము. చూడ్డానికి ఏమీ లేదట.” చాన్నాళ్ళకి ఆయన మొహం వెలిగింది. “చూడ్డానికి ఎవడూ రాడట కూడా.”

అక్క కిటికీలోంచి, “నువ్వూ వచ్చెయ్యరా,” అంది. బంజర్ పనులున్నాయన్నాను.

ఉన్నాయి కూడా. హోటలు అభినందనలో భాగంగా మా సభ్యులందరికీ ఒక విహారయాత్ర దక్కింది. మా దగ్గర్లోనే ఒక చిన్న దీవి. ఎవరూ పాడుచెయ్యని చోటని విని పడవ నిండా వెళ్ళాం. నిజంగానే అద్భుతం. తెల్లటి ఇసక, అద్దంలాంటి నీళ్ళు. కాకపోతే ఒడ్డు పొడుగునా ఒక ముసలామె సముద్రపు నాచు ఆరబోస్తోంది. ఘాటైన వాసన. గుస్తి అలిత్ గారు మర్యాదగానే అడిగారు.

“ఏమ్మా, ఇది కాస్త పక్కకి లాగకూడదూ? సముద్రం సరిగా కనబడటంలేదు.”

“నాకు కనబడుతోంది నాయనా. అందులోంచే తెచ్చుకున్నా,” అందామె, తలెత్తకుండా.

అందరం ఆవిడ చుట్టూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డాం. మేం కదిలేలా లేమని చూసి ఆవిడే లేచి, తడినాచు బుట్టలకెత్తుకుని, మోయలేక మోస్తూ కొబ్బరిచెట్ల వెనక్కి పోయింది. అప్పుడు ఫొటోలు చాలా బాగా వచ్చాయి.

తిరుగు పడవలో ఆ దీవికి నాలుగు నక్షత్రాలిచ్చాను. అయిదోది ఎందుకు ఆపారో చెప్పమని ఫోను అడిగింది. మొహమాటం లేకుండా రాశాను: “చోటు స్వర్గం. అక్కడ బతికేవాళ్ళే అడ్డం.” ఆ అభిప్రాయం తమకెంతో ఉపయోగపడిందని బొటనవేళ్ళు ఎత్తినవాళ్ళలో మీ తెలుగుపేర్లు కూడా బోలెడు కనిపించాయి.