రెండు నిలువుల బంకరు

తీర సంరక్షణలో కిల్‌డ్రెన్నీ పట్టణం ప్రపంచానికి దారి చూపబోతోందని మా ప్రోవోస్టు టార్క్విల్ మెల్‌డ్రమ్ గారు మార్చి నెలలో టౌన్‌హాలు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ప్రోవోస్టంటే మా స్కాట్లండు ఊళ్ళలో మేయరన్నమాట. మెడలో వెండి గొలుసు ఉంటుంది. ఆ రోజు వాన. ప్రోవోస్టుగారికి ఒకరు, గొలుసుకి ఒకరు గొడుగు పట్టారు.

"సముద్రం మన ఊరిని తినేస్తోంది. ఇక ఊరుకునేది లేదు. నార్మండీ తీరంలో ఫ్రెంచివాళ్ళు తరతరాలుగా సముద్రంతో పోరాడుతున్నారు. వాళ్ళ అనుభవాన్ని స్వయంగా చూసి రావడానికి సెప్టెంబరులో ఉన్నతస్థాయి డెలిగేషన్ బయల్దేరుతుంది" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాస్త ఎక్కువసేపు కొట్టాను. చర్చి వెనక సమాధుల తోటకి సముద్రం వైపున్న గోడ రెండేళ్ళ కిందట కూలింది. గుర్రబ్బండి పట్టేంత కంత. మా ఆవిడ ఐష్‌బెల్ కింది నుంచి మూడో వరసలో ఉంది. మొన్న చలికాలం పోటుకి మొదటి వరసలో కెప్టెన్ బాల్ఫోర్ గారి రాయి సముద్రం వైపు ఒరిగింది. టౌన్‌హాలు వాళ్ళు వెంటనే స్పందించి ఎర్రటి టేపు కట్టారు. కట్టినవాడెవరో కానీ, డాఫొడిల్ మొక్కలు నలగకుండా చుట్టూ తిప్పి కట్టాడు. అతను చల్లగా ఉండాలి.

"ఎందుకంత చప్పట్లు మాస్టారూ? ముందు ఆయన బూట్లు చూడండి" అంది పక్కనున్న ఎఫీ స్పింక్.

చూశాను. అడుగున మేకులున్న గోల్ఫ్ బూట్లు.

ప్లానింగ్ కమిటీ మొదటి సమావేశానికి నన్నూ పిలిచారు. ఊరి బళ్ళో ముప్ఫై ఏళ్ళు ఫ్రెంచి చెప్పినందుకు దక్కిన గౌరవం. మొదటి అంశం డెలిగేషన్‌లో ఎంతమంది అన్నది. కౌన్సిల్లో ఉన్నది ఐదుగురు.

"ఐదుగురు కుదరదు. అధ్యయనం నలుగురు నలుగురుగా జరుగుతుంది" అన్నారు ప్రోవోస్టు. గోల్ఫ్ ఆటా అంతే.

"అయితే నలుగురే వెళ్ళండి" అన్నాను.

ఐదుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎనిమిది మందిని పంపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మిగతా మూడు స్థానాలకి నిపుణుల్ని తీసుకున్నారు. హోటలాయన, మాంసం కొట్టాయన, పళ్ళ డాక్టరు ఫార్కర్సన్.

"పళ్ళ డాక్టరు దేనికండీ?"

"అరుగుదల మీద ఆయనకి ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది మాస్టారూ."

"సముద్రపు గోడలు కట్టే ఇంజనీరు ఎవరినైనా తీసుకెళ్తే?"

"ఇంజనీరు గోల్ఫ్ ఆడతాడా?"

"ఆడడనుకుంటాను."

"మరి రోజంతా అక్కడ ఏం చేస్తాడు పాపం?" అన్నారు ప్రోవోస్టు. ఆయన జాలిగుండె ఊరందరికీ తెలిసిందే.

రెండో సమావేశంలో చరిత్ర చర్చకి వచ్చింది. మన తాతలు యుద్ధంలో నార్మండీ తీరాన పడవల్లోంచి దిగారు కనుక మనమూ సముద్రం మీంచే దిగడం మర్యాదని ప్రోవోస్టుగారన్నారు. హార్బరులో రిహార్సల్ పెట్టారు. ఎనిమిది మందీ గోల్ఫ్ సంచులు భుజాన వేసుకుని చేపల పడవలోంచి ఇసకలోకి దూకాలి. డాక్టరుగారు దూకకముందే వాంతి చేసుకున్నారు. మాంసం కొట్టాయన సంచి మునిగింది. ఆయన దాని కోసం మునగబోతుంటే బెల్టు పట్టుకుని లాగారు. చరిత్రను గౌరవిస్తూనే విమానంలో వెళ్ళాలని మూడో సమావేశంలో నిర్ణయమైంది.

మంగళవారం సాయంత్రాలు మా ఇంట్లో ఫ్రెంచి పాఠాలు మొదలయ్యాయి. ఐష్‌బెల్ పోయాక మా ఇంట్లో టీ కప్పులన్నీ ఒకేసారి తడవడం అదే మొదలు. కడుక్కుంటూ ఆ సంగతి గమనించి సంతోషించాను. డెలిగేట్లు శ్రద్ధగలవారు. 'ఈ గాలి రోజూ ఇలాగే వీస్తుందా', 'నా బంతి మీకేమైనా కనబడిందా', 'బాతుకూర ఇంకొంచెం' అనే మూడు వాక్యాలు నెల తిరక్కుండా పట్టేశారు. ఒకరోజు నేనే ఒక కొత్త మాట బోర్డు మీద రాశాను.

"మ్యూర్. అంటే గోడ."

"గోడతో మనకేం పని?" అన్నాడు హోటలాయన.

పాఠం అయ్యాక ప్రోవోస్టుగారిని గుమ్మం దగ్గర ఆపాను. "పెద్దపోటు సెప్టెంబరులోనే వస్తుందండీ. మీరు వెళ్ళేలోపు ఆ కంత దగ్గర నాలుగు రాళ్ళయినా..."

"మాస్టారూ, గోడ కోసమే కదా ఈ యాత్ర. చూసి రాకుండా ఎలా కడతాం?"

ఆయన వెనకే ఉన్న టౌన్ క్లర్కు వెడర్‌బర్న్ ఓపిగ్గా వివరించాడు. గోడంటే నిర్మాణం. తీరంలో నిర్మాణానికి ఐదు ఆఫీసుల అనుమతి కావాలి. మొదటి ఆఫీసు వాళ్ళు ఐదో ఆఫీసు సరే అంటే చూస్తామన్నారు. ఐదో ఆఫీసు వాళ్ళు మొదటి ఆఫీసు వాళ్ళకోసం చూస్తున్నారు.

"ఫైలు కదులుతోంది" అన్నాడు.

"ఎటు?"

"అది నిర్మాణ శాఖని అడగాలి."

ఆదివారం మా ఊళ్ళో గోల్ఫ్ ఉండదు. ఆ ఒక్కరోజు మైదానం నడిచేవాళ్ళది. నేను చర్చి అయ్యాక ఐష్‌బెల్ దగ్గరికి వెళ్తాను. ప్రోవోస్టుగారు కూడా ఆదివారాలు సమాధుల తోట ఉత్తరపు గేటు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడేవారు. సోమవారం ఆట కోసం గాలివాటం చూసుకుంటున్నారనుకునేవాణ్ణి. అంత పట్టుదల ఉన్న నాయకుడు దొరకడం ఊరి అదృష్టం.

జూన్‌లో నార్మండీ గోల్ఫ్ క్లబ్బుకి నా చేత ఫోన్ చేయించారు. ఫోను బల్ల మధ్యన స్పీకర్లో పెట్టారు. చుట్టూ ఎనిమిది మంది. అవతల క్లబ్బు సెక్రటరీ మదాం కెనెల్. గొంతు వెచ్చగా ఉంది, వెనకాల ఏవో గిన్నెల చప్పుడు.

"బంకర్లు ఎలా ఉంటాయో అడగండి" అన్నారు ప్రోవోస్టు. బంకరంటే బంతి పడి ఇరుక్కోవడానికి కావాలని తవ్వే ఇసక గుంట. మా డెలిగేషన్ మొత్తానికి భయమున్నది ఆ ఒక్కదానికే.

అడిగాను. "బంకరా? ఒక్కటుంది లెండి" అంది మదాం కెనెల్. "చిన్నది. మా మనవరాలు ఒక్క దూకు దూకేస్తుంది. వాన పడితే బాతులొచ్చి కూర్చుంటాయి."

ఎనిమిది మందీ నా వైపు చూశారు. కిటికీలోంచి చర్చి గోపురం కనిపిస్తోంది.

"ఒక పెద్ద బంకరు ఉందట" అన్నాను. "సముద్రం వైపు రాతిగోడ. రెండు నిలువుల ఎత్తు. పునాది ఒక నిలువు లోతు."

"అంత చిన్న మాటల్లో అంతా చెప్పిందా?" అన్నాడు వెడర్‌బర్న్.

"ఫ్రెంచి క్లుప్తమైన భాష."

ప్రోవోస్టుగారు కనుబొమలు ముడిచారు. "కానార్ అన్నట్టు వినపడింది. బాతు కదూ? మనం నేర్చుకున్నాం."

"బాతులు కూడా దాటలేని ఎత్తట."

డాక్టరుగారు మంచినీళ్ళు తాగారు. ఫ్రెంచివాళ్ళు చూస్తుండగా ఒక స్కాట్లండు ప్రోవోస్టు గుంటలో ఇరుక్కుపోతే పరువు ఏం కావాలి? సరిగ్గా అలాంటి బంకరే ఇక్కడ కట్టుకుని సాధన చెయ్యాలని అక్కడికక్కడే తీర్మానించారు.

"ఎక్కడ కడదాం?" అన్నాడు హోటలాయన.

"ఫ్రెంచి బంకరుకి గాలి నేరుగా సముద్రం మీంచి కొడుతుందట" అన్నాను. "మన దగ్గర అలాంటి గాలి ఒక్కచోటే ఉంది. సమాధుల తోట కింద, ఆ కంత ముందున్న గడ్డినేల."

"అనుమతి?" అన్నాడు మాంసం కొట్టాయన.

వెడర్‌బర్న్ నవ్వాడు. "ఆ నేల గోల్ఫుకి, పశువులకి, బట్టలారేసుకోవడానికి ఏనాడో రాజుగారు రాసిచ్చినది. గోడకైతే అనుమతి కావాలి. బంకరు గోల్ఫు. ఎవర్నడగాలి?"

ఆ వారంలోనే రాళ్ళు వచ్చాయి. ఊళ్ళో రాళ్ళు లేవని రెండేళ్ళుగా నాకు చెబుతున్న నిర్మాణ శాఖవాళ్ళే స్వయంగా దింపించారు. సిమెంటు వచ్చింది. కంత ఈ కొస నుంచి ఆ కొస దాకా పునాది తవ్వారు.

"ఇది గోడ కదండీ?" అని మేస్త్రీ అడిగాడు.

"కాదు. బంకరు ముఖం" అన్నాడు వెడర్‌బర్న్.

ఎఫీ స్పింక్ ఒక్కతే అడ్డుపడింది. వాళ్ళ ముత్తవ్వ కాలం నుంచి దుప్పట్లు ఆరేసుకునే చోటు అది. "రాజుగారు గోల్ఫ్ పక్కనే బట్టలు కూడా రాశాడు" అని తడి దుప్పటితో సహా టౌన్‌హాలుకి వచ్చింది. ప్రోవోస్టుగారు వెంటనే కొత్త రూలు ప్రకటించారు. బంతి దుప్పటి మీద పడితే తీసి పక్కన పెట్టుకోవచ్చు, శిక్ష లేదు. దుప్పటి యజమానికి క్షమాపణ చెప్పాలి.

'తీర అధ్యయన సన్నాహక బంకరు' అని ఇత్తడి ఫలకం పెట్టి జులైలో ప్రారంభించారు. మొదటి బంతి ప్రోవోస్టుగారిది. గోడకి తగిలి ఆయన బొజ్జకే వచ్చింది. సాధన చెయ్యగా చెయ్యగా ఎనిమిది మందీ నిచ్చెన వేసుకుని పైకి రావడంలో ఆరితేరారు. బంతులు మాత్రం లోపలే ఉండిపోయేవి. ఐష్‌బెల్ వీళ్ళందరికన్నా బాగా ఆడేది. మా ఊరి క్లబ్బు ముందు గుమ్మంలోంచి ఆడవాళ్ళని రానివ్వని రోజుల్లో కిటికీ దగ్గర నిలబడి వాళ్ళ దెబ్బలు చూసి నవ్వేది. ఇప్పుడు మూడో వరసలోంచి బంకరు నేరుగా కనబడుతుంది. ఆ ఏర్పాటు నాకు నచ్చింది.

సెప్టెంబరులో ప్రయాణానికి వారం ముందు ఈశాన్యపు గాలి లేచింది. పెద్దపోటు దాంతో కలిసింది. హార్బరులో రెండు పడవలు బద్దలయ్యాయి. గాలి తగ్గిన పొద్దున నేను సమాధుల తోటకి వెళ్ళేసరికి ఎర్రటి టేపు ఎక్కడికో కొట్టుకుపోయింది. కెప్టెన్ బాల్ఫోర్ గారు ఎంత ఒరిగారో అంతే ఒరిగి ఉన్నారు. ఐష్‌బెల్ రాయి మీద కాస్త ఉప్పు తప్ప ఏమీ లేదు. జేబురుమాలుతో తుడిచాను.

ప్రోవోస్టుగారు అప్పటికే బంకరు అంచున నిలబడి ఉన్నారు.

"ఇసకంతా పోయింది" అన్నారు. "ఇంత నష్టం ఈ ఊరు ఎన్నడూ చూడలేదు."

"గోడ నిలిచిందండీ" అన్నాను.

"ఏ గోడ?" అన్నాడు వెడర్‌బర్న్ చటుక్కున.

"బంకరు ముఖం" అని సరిదిద్దుకున్నాను.

అత్యవసర సమావేశం పెట్టి ఇసక కోసం లేచి నిలబడి కాసేపు మౌనం పాటించారు. ఆపైన డెలిగేషన్ నార్మండీకి వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళిన రోజుల్లో నాకు అన్నం సయించలేదు. అక్కడి చిన్న బంకరు చూశాక ఏమవుతుందో తెలుసు. అబద్ధపు కొలతలతో కట్టిన బంకరు బంకరు కాదు, గోడ. గోడైతే అనుమతి లేదు. అనుమతి లేనిది కూల్చడానికి మాత్రం ఒక్క ఆఫీసు చాలు.

తిరిగొచ్చిన రోజు టౌన్‌హాల్లో సభ. నా మంచి కోటు వేసుకుని ఆఖరి వరసలో కూర్చున్నాను. ప్రోవోస్టుగారు గొలుసు సర్దుకుని లేచారు. ఎండకి ముక్కు కమిలి ఉంది.

"ఆ ఫ్రెంచి బంకరు రెండు నిలువులుంటుందని మాస్టారు మనకి చెప్పారు" అన్నారు. సభంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. "అది పొరపాటు. మూడు నిలువులు."

వేదిక మీది ఏడుగురూ తలలూపారు. డాక్టరుగారు తన బూట్లకేసి చూసుకుంటూ ఊపారు.

"మన సన్నాహక బంకరు లేకపోతే ఈ ఊరి పరువు అక్కడే పూడ్చిపెట్టి వచ్చేవాళ్ళం. దాన్ని శాశ్వత క్రీడా వారసత్వంగా ప్రకటిస్తున్నాను. దాని రాయి ఒక్కటి కూడా ఎవరూ కదపడానికి వీల్లేదు."

చప్పట్లు. ఎఫీ స్పింక్ చెయ్యెత్తింది. "అది సరే ప్రోవోస్టుగారూ. సముద్రాన్ని ఎలా ఆపుతున్నారట వాళ్ళు?"

"అధ్యయనం ఇంకా పూర్తి కాలేదమ్మా" అన్నారాయన.

ఆదివారం ఐష్‌బెల్ దగ్గర నుంచి వస్తుంటే ఉత్తరపు గేటు దగ్గర పిలిచారు. కోటు జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి ఇచ్చారు. "మదాం కెనెల్ మీకిమ్మన్నారు."

విప్పాను. రంగు వేసిన చెక్క బాతు.

దాన్ని కోటు జేబులో పెట్టుకున్నాను. సముద్రం కింద మెల్లగా చప్పుడు చేస్తోంది. మా బంకరు ముఖం కంత దాటి కొద్ది గజాల్లో ఆగిపోతుంది. అక్కణ్ణించి ఉత్తరపు మూల దాకా పాత గోడే. దాని బీటలు దారిన పోయే మనిషికి కూడా కనబడతాయి.

"వచ్చే ఏడు పోర్చుగల్ దక్షిణ తీరం అనుకుంటున్నాం" అన్నారు ప్రోవోస్టు. "చాలా చారిత్రక ప్రాంతం. అక్కడి క్లబ్బుకి మీరే ఫోన్ చెయ్యాలి. బంకరు ఎంత పొడుగో అడగాలి."

"నాకు పోర్చుగీసు రాదండీ."

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"మా అమ్మ ఆ మూల ఉంది" అన్నారు. ఇంకాసేపు అటే చూసి టోపీ పెట్టుకున్నారు. "భాష రాకపోతేనేం మాస్టారూ. కొలతలు వస్తాయిగా."